డాబా మీద చుక్కల స్టూడియో

ఇంటిపైన ఓ టెలిస్కోపు ఉంటే చందమామ గుంటల్ని చూడొచ్చు. శనిగ్రహం వలయాలు కనిపించగానే పిల్లలు కేరింతలు కొడతారు. ఆ ముచ్చట తీరాక మొదలవుతుంది అసలు కోరిక... కంటికి కనిపించినవాటినీ, కనిపించనివాటినీ కూడా ఫొటో తీయాలని! అక్కణ్నుంచీ ఖర్చు పెరుగుతుంది, నిద్ర తగ్గుతుంది. కొబ్బరిచెట్లూ చేపల చెరువులూ చుట్టుముట్టిన పాలకొల్లులాంటి ఊళ్లో అది అయ్యే పనేనా? అవుతుంది. కాకపోతే కొన్ని చిక్కులున్నాయి. కొన్ని వరాలూ ఉన్నాయి.

పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుడి గాలిగోపురం ఎత్తు దాదాపు 120 అడుగులు. మధ్యలో ఇళ్లేవీ అడ్డులేవనుకుని, దానికి దక్షిణంగా ఓ 400 అడుగులు నడిచి వెనక్కి తిరిగి చూడండి. గోపురం కొస ఎంత ఎత్తులో కనిపిస్తుందో, రాత్రిపూట ఉత్తరాన ధ్రువనక్షత్రం కూడా ఇంచుమించు అంతే ఎత్తులో ఉంటుంది. లెక్కల్లో చెప్పాలంటే పదహారున్నర డిగ్రీలు. ఊరి అక్షాంశం ఎంతో, అక్కడ ధ్రువుడి ఎత్తు అంత. లండన్‌లో అదే చుక్క 51 డిగ్రీల పైన ఉంటుంది.

చూడ్డానికైతే ఈ తేడా పెద్ద విషయం కాదు. ఫొటో తీయాలనుకునేవారికి మాత్రం అక్కడే ఉంది కథంతా.

కదిలే చుక్కని పట్టుకోవడం

భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. అందుకే చుక్కలన్నీ సెకనుకి 15 ఆర్క్‌సెకన్ల చొప్పున పడమరకి జరుగుతూ ఉంటాయి. డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను. వినడానికి చాలా చిన్నది. కానీ 8 అంగుళాల టెలిస్కోపు తీసుకుని, దాని ఫోకల్ లెంగ్త్ 2000 మిల్లీమీటర్లనుకుంటే, ఇప్పటి కెమెరా చిప్ మీద ఒక్కో గడి ఆకాశంలో 0.4 ఆర్క్‌సెకన్ల కన్నా తక్కువ మేర చూస్తుంది. టెలిస్కోపుని కదపకుండా ఒక్క సెకను షట్టరు తెరిచారా... చుక్క దాదాపు 40 గడులు దాటి గీతలా సాగిపోతుంది. నెబ్యులాల ఫొటోకి కావాల్సింది సెకన్లు కాదు, నిమిషాలు. ఒక్కోసారి గంటలు.

కాబట్టి చుక్కతోపాటే టెలిస్కోపు కూడా నడవాలి. దాన్ని నడిపించేదే మౌంటు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఉన్న 6 అంగుళాల గొట్టం అమ్మేసి 10 అంగుళాలది కొందామనుకుంటారు. ఎంత పెద్ద కన్ను ఉంటే అంత బాగా ఫొటో వస్తుందని లెక్క. నిజానికి ఫొటోల విషయంలో ఆ లెక్క తలకిందులు. వణికే మౌంటు మీద పెద్ద టెలిస్కోపు కన్నా, నిలకడైన మౌంటు మీద 80 మిల్లీమీటర్ల బుల్లి టెలిస్కోపు నయం. పెట్టే డబ్బులో సగం మౌంటుకే పోయినా బాధపడక్కర్లేదు.

మౌంటులో రెండు రకాలు. ఒకటి తుపాకీలా పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిరిగేది. డాబ్సోనియన్ టెలిస్కోపులన్నీ ఇలాంటివే. కంటితో చూడ్డానికి వీటిని మించింది లేదు. మోటార్లు పెట్టి చుక్క వెంట నడిపించినా, ఫ్రేములో దృశ్యం మాత్రం నెమ్మదిగా గిర్రున తిరుగుతుంది. మధ్యలో చుక్క మధ్యలోనే ఉంటుంది, అంచుల్లో చుక్కలు విల్లులా వంగుతాయి. రెండో రకం ఈక్వటోరియల్. దీని ఇరుసుల్లో ఒకటి సరిగ్గా ధ్రువం వైపు చూస్తుంది. భూమి ఇరుసుకి సమాంతరంగా అన్నమాట. ఒక్క మోటారు, ఒకే వేగం... చాలు.

ఆ ఇరుసుని పాలకొల్లులో పదహారున్నర డిగ్రీలకి వంచాలి. అంటే దాదాపు పడుకోబెట్టినట్టే. మౌంట్లలో చాలావరకు ఐరోపా, అమెరికాల్లో వాడేవారిని దృష్టిలో పెట్టుకుని తయారైనవే. అంత కిందికి వంచితే కొన్నింటికి బరువులు వేలాడదీసే కడ్డీ వచ్చి ముక్కాలిపీటకి తగులుకుంటుంది. కొన్నేమో అసలు అంత కిందికి దిగనే దిగవు. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, ‘ఎన్ని డిగ్రీల దాకా దిగుతుంది?’ అని. ముక్కాలిపీట తీసేసి నిలువు స్తంభం మీద బిగిస్తే కడ్డీ బాధ తప్పుతుంది.

ఆ స్తంభం ఎక్కడ కట్టాలన్నది మరో తిరకాసు. డాబా శ్లాబు మధ్యలో నిలబెడితే పక్కన ఎవరు నడిచినా ఫొటోలో చుక్కలు గంతులేస్తాయి. కింద పిల్లర్ ఎక్కడుందో చూసి, సరిగ్గా దాని మీదే స్తంభం లేపాలి. మనుషులు నిలబడేందుకు స్తంభానికి తగలకుండా వేరే చెక్కబల్ల వేసుకోవాలి. పగలంతా ఎండకి కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతుంది. ఆ సెగలో చుక్కలు ఉడుకుతున్నట్టు కనిపిస్తాయి. సాయంత్రం నాలుగు బిందెలు నీళ్లు చల్లడం మన పెద్దలు పడకల కోసం చేసేవారు, టెలిస్కోపుకీ అదే మందు. కాకపోతే చుక్కలు వచ్చేలోపు నేల ఆరిపోవాలి.

ఇక ధ్రువుడు. పదహారున్నర డిగ్రీలంటే 200 అడుగుల దూరంలో ఉన్న 60 అడుగుల కొబ్బరిచెట్టు చాలు కప్పెయ్యడానికి. మేడ మీదినుంచైతే కాస్త నయం. అసలు ధ్రువుడు కూడా కచ్చితంగా ధ్రువం మీద లేడు. చందమామ వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ దూరంలో పక్కకి ఉన్నాడు. చెట్లు కొట్టించాల్సిన పనేమీ లేదు. నడినెత్తికి దగ్గర్లో దక్షిణాన ఉన్న ఓ చుక్కనీ, తూర్పున పైకొస్తున్న మరో చుక్కనీ పెట్టుకుని అవి ఫ్రేములో ఏ వైపు జారుతున్నాయో గమనిస్తే చాలు. ఇరుసు ఎటు తప్పిందో తెలుస్తుంది. కాస్త తిప్పడం, మళ్లీ చూడటం. మొదటిసారి ఓ రాత్రంతా పట్టొచ్చు. స్తంభం కట్టుకున్నవారికి ఇది ఒక్కసారి చేస్తే అయిపోయే పని.

అయినా మౌంటులోని పళ్లచక్రాల్లో చిన్నచిన్న లోపాలుంటాయి. నిమిషాల వ్యవధిలో 20 ఆర్క్‌సెకన్లు అటూఇటూ ఊగడం మామూలే. 2000 మిల్లీమీటర్ల టెలిస్కోపుకి అది 50 గడుల ఊపు. 480 మిల్లీమీటర్ల బుల్లిదానికైతే పన్నెండే. అందుకే ఆటోగైడరు. పక్కన తగిలించిన చిన్న గొట్టం, దానికో చిన్న కెమెరా. ఒక చుక్క మీద కన్నేసి ఉంచి, అది ఏమాత్రం పక్కకి జరిగినా ‘వెనక్కి రా’ అని మోటార్లకి చెబుతూ ఉంటుంది, రాత్రంతా.

విశాఖ డాబా, హైదరాబాదు నవాబు

ఇంట్లో టెలిస్కోపు పెట్టుకోవడం, పెట్టుకున్నదాంతో తృప్తిపడక ఇంకా మంచిదానికి ఎగబాకడం... ఇవేవీ తెలుగువాళ్లకి కొత్త కాదు. 1840లో అమెరికాలో జాన్ విలియం డ్రేపర్ చందమామని ఫొటో పలక మీద పట్టాడు. సరిగ్గా ఆ ఏడాదే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత డబ్బుతో వేధశాల కట్టారు. అప్పటికాయన వయసు ఇరవైమూడు! మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చారు. 4.8 అంగుళాల టెలిస్కోపు ఆయనది. ఆ వేధశాల ఉన్న చోటు ఇప్పటి డాబాగార్డెన్స్. పేరులోనే డాబా ఉంది చూశారా!

ఊరికే చుక్కలు చూసుకుంటూ కూర్చోలేదాయన. డాల్ఫిన్స్ నోస్ కొండమీద జెండాస్తంభం పెట్టించారు. రోజూ ఉదయం 9 గంటలకి జెండా కిందికి దిగేది. అది చూసి ఊళ్లోవాళ్లూ ఓడలవాళ్లూ గడియారాలు సరిచేసుకునేవారు. 1856లో, నలభై కూడా నిండకుండానే జగ్గారావు కన్నుమూశారు.

ఇలాంటి ముచ్చట్లు సాధారణంగా యజమానితోనే పోతాయి. ఇక్కడ పోలేదు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అందుకున్నారు. 1874లో ఇంగ్లండులోని కుక్ కంపెనీ చేసిన 6 అంగుళాల ఈక్వటోరియల్ టెలిస్కోపు తెప్పించారు. 4.8 నుంచి 6కి... పెద్ద తేడా లేదనిపిస్తుంది కదూ? కటకం వైశాల్యం లెక్కవేస్తే వెలుగు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. దానికి తోడు ఇరుసు ధ్రువం వైపు చూసే మౌంటు. ఆ ఏడాది డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటుతుంటే విశాఖలో నరసింగరావు పరిశీలించారు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారి పత్రికలో ఆయన రాసినవి అచ్చయ్యాయి. ఆయన ఆ సొసైటీ ఫెలో కూడా. 1892లో ఆయనా వెళ్లిపోయారు. ఈరోజు డాబాగార్డెన్స్‌లో ఉన్నవి దుకాణాలు, ట్రాఫిక్కు. వేధశాల లేదు.

ఆకాశాన్ని ఫొటో తీసే పని ఈ మధ్యలోనే మన నేల మీదికి వచ్చింది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి గుంటూరులో మకాం వేసిన టెనెంట్ బృందం 9 అంగుళాల అద్దమున్న టెలిస్కోపుతో ఆరు పలకలు తీసింది. అదే గుంటూరులో ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ కూడా ఆ గ్రహణాన్నే చూస్తున్నారు. ఇక ఇంటి టెలిస్కోపుతో ఏం సాధించొచ్చో ప్రపంచానికి చూపినవాడు లండన్ శివారు ఈలింగ్‌లో ఉండే ఆండ్రూ కామన్. వృత్తికి ఇంజినీరు. చిన్న టెలిస్కోపులతో మొదలుపెట్టి, తర్వాత పెరట్లో 36 అంగుళాల అద్దం బిగించాడు. 1883లో ఓరియన్ నెబ్యులాని 37 నిమిషాలపాటు ఫొటో తీస్తే, అదే టెలిస్కోపులోంచి కంటికి కనిపించని చుక్కలు పలక మీద కనిపించాయి. కెమెరా కంటిని దాటేసిందని అప్పుడు తేలింది. తీసినవాడు ఏ ప్రభుత్వ వేధశాల ఉద్యోగీ కాదు!

హైదరాబాదు కథ ఇంకా పెద్దది. 1901లో నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో పెట్టించారు. ఆకాశాన్ని ఫొటో తీయడం కోసమే తయారైన 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫు కూడా సమకూర్చారు. తన తర్వాత వీటిని నిజాం ప్రభుత్వమే నడపాలని ముందే కోరారు. 1907లో ఆయన పోయారు. 1908లో ప్రభుత్వం వాటిని తీసుకుంది. బేగంపేటకి మారింది. అదే నిజామియా వేధశాల.

అప్పట్లో ప్రపంచ వేధశాలలన్నీ కలిసి ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని ఫొటోలు తీస్తున్నాయి. 1887లో పారిస్‌లో మొదలైన పథకం అది. ఖగోళ మధ్యరేఖకి దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మన హైదరాబాదు వాటాకి వచ్చింది. గాజుపలక కెమెరాలో పెట్టడం, చుక్కని గురిపెట్టి నడిపించడం, కడగడం, ఆపైన మైక్రోస్కోపులో కన్ను పెట్టి ఒక్కో చుక్క ఎక్కడుందో కొలిచి రాయడం. పోకాక్, ఆయన తర్వాత 1918లో బాధ్యత తీసుకున్న టి.పి. భాస్కరన్ ఈ పని నడిపించారు. మొత్తం 12 సంపుటాలు... ఏడున్నర లక్షలకి పైగా చుక్కలు. వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. అక్కడే ఉద్యోగం చేసే సునన్న బప్పు కొడుకు చిన్నప్పటి నుంచీ ఈ టెలిస్కోపుల మధ్యే పెరిగాడు. 1949లో అమెరికాలో తను తీసిన ఫొటో పలక మీద కొత్త తోకచుక్కని పట్టుకున్నాడు. ఆయనే వేణు బప్పు.

దక్షిణాకాశం మన సొత్తు

ధ్రువుడు కిందికి దిగాడని బాధపడక్కర్లేదని అన్నది ఇందుకే... ఉత్తరాన పోగొట్టుకున్నది దక్షిణాన దొరుకుతుంది. పాలకొల్లులో అగస్త్య నక్షత్రం ధ్రువుడి కన్నా ఎత్తుకి, 21 డిగ్రీలకి వస్తుంది. ఒమేగా సెంటారీ అనే చుక్కల గుత్తి 26 డిగ్రీలకి. సుమారు కోటి నక్షత్రాల ముద్ద అది, 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. లండన్‌లో ఎంత ఖరీదైన టెలిస్కోపు పెట్టుకున్నా అది కనిపించదు, అక్కడ ఉదయించదు కాబట్టి! ఏప్రిల్ నడిమికి అర్ధరాత్రి, మే నడిమికి రాత్రి పదింటికి దక్షిణాన నిటారుగా ఉంటుంది. ఏప్రిల్ మొదటివారం రాత్రి పదింటికి కెరీనా నెబ్యులా 14 డిగ్రీల ఎత్తున దొరుకుతుంది. దక్షిణం వైపు పొరుగింటి వీధిలైటు లేకుండా ఉంటే చాలు. ఏప్రిల్ చివర్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచే ఓపికుంటే ధనూరాశిలో పాలపుంత నడిబొడ్డు 40 డిగ్రీల పైనే ఉంటుంది. అక్కడి ఎం24 చుక్కల మేఘం హైదరాబాదు పలకల పట్టీలోదే.

చెమ్మతో పోరు

డెల్టాలో అసలు శత్రువు చీకటి లేకపోవడం కాదు, తేమ. కాలవలు, వరిచేలు, చెరువులు, పక్కనే సముద్రం. రాత్రి తొమ్మిదయ్యేసరికి కటకం మీద మంచు పట్టేస్తుంది. గుడ్డతో తుడిస్తే పైపూత గీతలు పడుతుంది, ఆ పని చేయకూడదు. కటకం చుట్టూ కొద్దిగా వేడినిచ్చే పట్టీ చుట్టి, ముందు గొట్టంలా ఒక తొడుగు తగిలించాలి. చేయి పెడితే తెలిసీతెలియనంత వేడి చాలు. ఇంకా పెద్ద ప్రమాదం బూజు. వానాకాలం నాలుగైదు నెలలు మూతపెట్టి డాబా మీదే వదిలేస్తే కటకంలోపల సాలెగూడులా అల్లుకుంటుంది. జూన్‌లో టెలిస్కోపు, కెమెరా కిందికి దించేసి సిలికా జెల్ వేసిన పెట్టెలో పెట్టాలి. అక్టోబరు, నవంబరు తుపాన్లు దాటాకే మళ్లీ పైకి. రేకుల కప్పు పట్టాల మీద పక్కకి జరిగేలా కట్టుకున్నవారు దానికి గట్టి కొక్కేలు పెట్టించాలి. డెల్టా గాలివాన సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున పొగమంచు దిగుతుంది, రాత్రి మొదటి సగమే పనికొస్తుంది. గొల్లకావడి కింద మెరిసే ఓరియన్ నెబ్యులా, పిల్లలకోడి చుక్కలు... రెండూ ఆ మొదటి సగంలోనే పైన ఉంటాయి, మొదలుపెట్టేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

కెమెరా సంగతి. ఇంట్లో ఉన్న డీఎస్ఎల్ఆర్‌తోనే మొదలుపెట్టొచ్చు. కానీ నెబ్యులాల ఎరుపు రంగుని, అంటే హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఇచ్చే వెలుగుని, మామూలు కెమెరాలోని ఫిల్టరు చాలావరకు ఆపేస్తుంది. ఆ ఫిల్టరు తీయించుకునేవారున్నారు. తర్వాతి మెట్టు చల్లబరిచే కెమెరా. చిప్ ప్రతి ఆరు డిగ్రీలు వేడెక్కేకొద్దీ ఉత్తినే పుట్టే మచ్చలు సుమారు రెట్టింపవుతాయి. ఏప్రిల్ రాత్రి 30 డిగ్రీల ఉక్కలో మనకే చెమటలు పడుతుంటే, గాలి కన్నా 35 డిగ్రీలు తక్కువకి దిగే కెమెరా మైనస్ 5లో హాయిగా పనిచేస్తుంది. తెల్లటి ఎల్ఈడీ వీధిదీపాల కాంతిలో ఉన్న ఇళ్లకి సన్నటి పట్టీ ఫిల్టర్లు మేలు. హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగుని మాత్రమే వదిలి తక్కినదాన్ని అడ్డుకుంటాయి. గెలాక్సీలకీ చుక్కల గుత్తులకీ మాత్రం ఇవి పనికిరావు. వాటికోసం ఊరి బయటికి పోవాల్సిందే.

ఒక్క ఫొటోతో అయిపోయేది కాదిది. మూడేసి నిమిషాలవి యాభయ్యో అరవయ్యో తీసి కంప్యూటర్‌లో ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. మచ్చ తగ్గేది వర్గమూలం లెక్కన. రెండింతలు శుభ్రంగా రావాలంటే నాలుగింతల ఫొటోలు కావాలి. మూతపెట్టి కొన్ని చీకటి ఫొటోలు తీసి వేడిమచ్చల్ని తీసేయాలి. టెలిస్కోపు మూతికి ఇస్త్రీ చేసిన తెల్లపంచె బిగించి, సందెవెలుగులో కొన్ని తీస్తే దుమ్ముమరకలు పోతాయి. గురుడు, శని విషయం పూర్తిగా వేరు. వాటికి వీడియో తీసి, వేల ఫ్రేముల్లో గాలి కదలకుండా ఉన్న క్షణాలవి మాత్రమే ఏరుకుంటారు. గురుడు పదిగంటల్లోపే ఓ చుట్టు తిరిగేస్తాడు కాబట్టి పెద్ద టెలిస్కోపులో రెండు నిమిషాలకి మించితే చారలు అలుక్కుపోతాయి.

కంప్యూటర్ చేసే ఇంకో గమ్మత్తు ఉంది. ఒక ఫొటో తీసి ఇస్తే, అందులోని చుక్కల అమరికని జాబితాలతో పోల్చి టెలిస్కోపు ఎటు చూస్తోందో క్షణాల్లో చెప్పేస్తుంది. ధ్రువుడు కొబ్బరాకుల వెనక ఉన్నా దానికి దిగులు లేదు. ఆ జాబితాల్లో ఒకటి 2000లో వచ్చిన టైకో-2. పాతిక లక్షల చుక్కలున్నాయందులో. అవి ఏళ్ల తరబడి ఎటు జరుగుతున్నాయో లెక్కకట్టడానికి పాత ఫొటో పలకల కొలతలు కావాల్సివచ్చాయి. పారిస్ పథకంలో వేధశాలలు కొలిచిపెట్టినవి, హైదరాబాదువి కూడా, అందులో వాడారు. నవాబు ఫిసల్‌బండలో మోజుపడి మొదలుపెట్టిన వ్యవహారం అలా పలకల నుంచి పుస్తకాల్లోకి, పుస్తకాల నుంచి లాప్‌టాప్‌లోకి చేరింది. విశాఖ డాబాకి ఆ అదృష్టం లేకపోయింది.

ఇంటి వేధశాలకి పెట్టే ఖర్చు చూసి ఇంట్లోవాళ్లు విసుక్కోవడంలో తప్పేం లేదు. రంగుల ఫొటో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకోవడంతోనే సరిపెట్టుకుంటే అది ఖరీదైన అలంకారమే. అదే డాబా మీంచి వెలుగు మారే చుక్కల్ని ప్రతి పదిరోజులకీ ఒకసారి ఫొటో తీసి కొలిస్తే, అది శాస్త్రవేత్తలకి పనికొచ్చే లెక్క. పెద్ద వేధశాలలకి అన్ని చుక్కల్ని అన్ని రాత్రులూ చూసే తీరిక ఉండదు. అందుకు పేర్చి రంగులద్దిన బొమ్మ కాకుండా కెమెరా ఇచ్చిన అసలు ఫైలు దాచాలి. ఫొటో ఏ సెకనులో మొదలైందో, ఎక్కడినుంచి తీశారో, ఏ ఫిల్టరో అందులోనే నమోదవుతుంది. ఆ సమయం తప్పైతే మాత్రం మిగతాదంతా వృథా. కాబట్టి డాబా ఎక్కగానే చేయాల్సిన మొదటి పని కంప్యూటర్ గడియారాన్ని ఇంటర్నెట్‌తో సరిచూసుకోవడం. టెలిస్కోపు మూత తీయడం ఆ తర్వాత.